‘పెయిన్’ అంటే నొప్పి ఒక్కటేనా? ఒక నర్సింగ్ విద్యార్థిని ప్రశ్నకు సమాధానం

అమ్మా, మీ ప్రశ్న చదివాను. మీది ప్రొద్దుటూరు దగ్గర పల్లె అని, బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నానని రాశారు. వార్డులో పెద్దవాళ్ళు "పీకుతాంది", "సలుపుతాంది", "గుంజుతాంది" అంటుంటే కేసు షీటులో అన్నిటికీ "పెయిన్" అనే రాస్తున్నారు. మీ మేడమ్ "ఏ రకం పెయిన్?" అని అడిగితే జవాబు తోచలేదు. అంతలో ఇంగ్లీషు పాఠంలో "టేక్ పెయిన్స్" అని ఒకచోట, "ఆన్ పెయిన్ ఆఫ్ డెత్" అని ఇంకోచోట వచ్చేసరికి, అసలు ఈ ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయి, ఎట్లా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. పెయిన్‌కు సరిగ్గా సరిపోయే ఒక్క తెలుగు మాట లేదు. సందర్భాన్ని బట్టి అది ఒంటి నొప్పి, మనసు బాధ, పడిన శ్రమ, వేసే శిక్ష. ఈ నాలుగూ పట్టుకుంటే పాఠంలో వచ్చేవి దాదాపు అన్నీ తేలిపోతాయి. వార్డులో మీకు కావలసింది మొదటిదే. కానీ అక్కడ "పెయిన్" అని మాత్రమే రాసి వదిలేస్తే సగం పనే అయినట్టు. తెలుగులో నొప్పి తీరు క్రియలో ఉంటుంది: సలుపుతాంది, పొడుస్తాంది, మండుతాంది. ఇంగ్లీషులో అదే సంగతి పెయిన్ ముందు వచ్చే విశేషణంలో ఉంటుంది: థ్రాబింగ్ పెయిన్, స్టాబింగ్ పెయిన్, బర్నింగ్ పెయిన్. మీరు క్రియ వదిలేసి నామవాచకం ఒక్కటే రాస్తున్నారు. లోపం అంతే, మీ ఇంగ్లీషు బాగాలేక కాదు.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక తొమ్మిదేళ్ళుగా నర్సింగ్ పిల్లలకు, విదేశాలకు వెళ్ళాలని ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాసేవాళ్ళకు చెబుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మాటల సంగతి నాకు తెలుసు, జబ్బు సంగతి మీ మేడమ్‌కు తెలుసు. కింద రాసేదంతా ఆ హద్దులోనే.

మొదట పాఠం సంగతి ముగిస్తాను, తర్వాత అసలు విషయానికి వస్తాను.

పెయిన్ అనే మాట పుట్టుకలో నొప్పి లేదు, శిక్ష ఉంది. గ్రీకులో "పొయినే" అంటే చేసిన హత్యకో నష్టానికో చెల్లించే పరిహారం. అది లాటిన్‌లో "పోయెనా" అయింది, అంటే దండన. అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. శిక్ష పడినవాడికి కలిగే బాధ కాబట్టి క్రమంగా ఏ బాధకైనా ఆ పేరే నిలిచింది. పాత అర్థం పూర్తిగా పోలేదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో "పీనల్" ఆ కుటుంబపు మాటే. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కానీ, మన ఊళ్ళలో ఐపీసీ సెక్షన్లు ఇంకా అందరి నోళ్ళలోనూ ఉన్నాయి. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ, పనిష్‌మెంట్, కోర్టు పంపే సబ్‌పీనా, అన్నీ అక్కడివే. సబ్‌పీనా అంటే అక్షరాలా "శిక్షకు లోబడి": రాకపోతే దండన తప్పదని. కాబట్టి "ఆన్ పెయిన్ ఆఫ్ డెత్" అంటే "మీరితే మరణశిక్ష తప్పదని చెప్పి". ఒక పిల్లవాడు పరీక్షలో దీన్ని "చావు నొప్పి మీద" అని రాశాడు. నేను మార్కులు తీసేయలేదు, ఎందుకంటే ఆ పాఠం చెప్పినప్పుడు ఈ సంగతి వాడికి చెప్పనిది నేనే.

ఇక "టేక్ పెయిన్స్". ఇక్కడ పెయిన్స్ అంటే శ్రమ. ఎప్పుడూ బహువచనమే. దీనికి మన తెలుగు అచ్చంగా సరిపోతుంది చూడండి: "అంత దూరం నుంచి శ్రమ తీసుకొని వచ్చారు" అంటాం కదా, అదే. "పెయిన్స్‌టేకింగ్" అంటే ఒళ్ళు దాచుకోకుండా, శ్రద్ధగా చేసే పని. పలికేటప్పుడు "పెయిన్ స్టేకింగ్" అని వినిపిస్తుంది కానీ, లోపల ఉన్నది పెయిన్స్, టేకింగ్ అనే రెండు మాటలు. "నో పెయిన్, నో గెయిన్" అని జిమ్ముల గోడల మీద రాసి ఉంటుంది. పాత రూపంలో అది "నో పెయిన్స్, నో గెయిన్స్", అంటే శ్రమ లేనిదే ఫలితం లేదని. కండరాలు నొప్పెట్టేదాకా బరువులెత్తమని కాదు.

ఒకే మాట బాధనూ శ్రమనూ ఎట్లా చెబుతుందని మీకు వింతగా ఉండొచ్చు. మన "కష్టం" సంగతి ఆలోచించండి. "చాలా కష్టాలు పడింది" అంటే బాధలు. "కష్టపడి చదివింది" అంటే శ్రమ. "కూలీ నాలీ కష్టం చేసుకొని బతుకుతాండాం" అంటే పని. మనకు ఒక్క క్షణం కూడా తికమక రాదు. ఇంగ్లీషువాళ్ళకు పెయిన్ అట్లాంటిదే. "లేబర్" కూడా అంతే: కూలి పని లేబరే, కాన్పు నొప్పులూ లేబరే. కాన్పు దగ్గర రెండు భాషలూ ఇంకా దగ్గరవుతాయి. తెలుగులో "నొప్పి వస్తాంది" వేరు, "నొప్పులొస్తాండాయి" వేరు. నిండు నెలల మనిషి రెండో మాట అంటే ఇంట్లో అందరూ లేచి నిలబడతారు. ఇంగ్లీషులోనూ "పెయిన్స్" అని బహువచనం పడితే, ప్రసూతి వార్డులో అర్థం అదే.

మనసు బాధ సంగతి తేలిక. "ఇట్ పెయిన్స్ మీ టు సే దిస్" అంటే "ఈ మాట చెప్పడానికి నాకు బాధగా ఉంది". "పెయిన్‌ఫుల్ మెమరీ" అంటే బాధ పెట్టే జ్ఞాపకం. మనం "ఆయన నొచ్చుకున్నాడు" అన్నట్టే. "పెయిన్ ఇన్ ది నెక్" అంటే ప్రాణం విసిగించే మనిషి లేదా పని. మెడ గురించి కాదు, మనం "వీడొక తలనొప్పి" అంటామే, అది. "గ్రోయింగ్ పెయిన్స్"కు రెండు అర్థాలు: చిన్నపిల్లలకు సాయంత్రాలు, రాత్రిళ్ళు వచ్చే కాళ్ళ నొప్పులు ఒకటి, కొత్తగా పెట్టిన వ్యాపారానికో సంస్థకో మొదట్లో ఎదురయ్యే ఇబ్బందులు ఇంకొకటి. పాఠం వరకు ఇది చాలు.

ఇప్పుడు వార్డు.

ఒక అనుభవం చెప్పి మొదలుపెడతాను, ఈ విషయం మీద నాకు పట్టుదల అక్కడి నుంచే వచ్చింది. మా అమ్మకు షుగర్. పదేళ్ళ కిందట ఆమెను పక్క రాష్ట్రంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుకు తెలుగు రాదు, అమ్మకు తెలుగు తప్ప రాదు. మధ్యలో నేను, ఇంగ్లీషు లెక్చరర్ని. అమ్మ చెప్పింది: "రాత్రయితే అరికాళ్ళు బగబగ మండుతాండాయి నాయనా, సూదులతో గుచ్చినట్టుంటాది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను." నేను డాక్టరుకు చెప్పింది "షి హాజ్ లెగ్ పెయిన్" అని. ఆయన మోకాళ్ళు చూశాడు, ఎక్స్‌రే రాశాడు. రెండో రోజు అక్కడ పనిచేసే ఒక నర్సు, చిత్తూరు వైపు అమ్మాయి, బీపీ చూస్తూ అమ్మతో మాట కలిపింది. "మంటా అవ్వా, నొప్పా?" అని అడిగింది. "మంటే తల్లీ" అంది అమ్మ. ఆ అమ్మాయి షీటు మీద "బర్నింగ్, బోత్ సోల్స్, వర్స్ ఎట్ నైట్" అని రాసింది. ఆ ఒక్క వరుసతో డాక్టరు దారి మారింది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే మంట అని తేల్చి, దానికి వేరే మందు ఇచ్చారు. మామూలు నొప్పి మాత్రలు ఆ మంటకు పెద్దగా పనిచేయవని అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పే నేను అమ్మ నోట వచ్చిన మూడు వివరాలనూ ఒక్క మాట కింద పూడ్చేశాను. ఆ అమ్మాయి పూడ్చలేదు. మీరు ఆ అమ్మాయిలా ఉండాలని ఇంత రాస్తున్నాను.

మీ మేడమ్ అడిగిన ప్రశ్నకు మీ పుస్తకంలోనే పేరుంది. నొప్పిని అంచనా వేయడానికి పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని, ఒక్కో అక్షరానికి అడగాల్సిన ఒక్కో సంగతి నేర్పి ఉంటారు. అందులో క్యూ అంటే క్వాలిటీ, నొప్పి తీరు. ఇది మేడమ్ పట్టింపు కాదు. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రోగులు నొప్పిని చెప్పే మాటలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. 78 మాటలు, 20 గుంపులు. తీరును బట్టి నొప్పి మూలం గురించి సూచన దొరుకుతుందని ఆయన పట్టు. ఇంగ్లీషులో 78 ఉన్నాయని భయపడకండి. మీ అవ్వకు తెలిసిన మాటలు మీరు రాయడం మొదలుపెడితే మన దగ్గరా తక్కువేమీ తేలవు.

నేను పిల్లలకు చెప్పే జోడీలు ఇవి.

సలపడం: థ్రాబింగ్. గోరుచుట్టు, సెగగడ్డ, చీము పట్టిన పన్ను. నాడి కొట్టుకున్నట్టు లోపల కొట్టుకుంటుంది. ఈ జోడీలో అనుమానం అక్కర్లేదు.

పోటు: స్టాబింగ్. కత్తితో పొడిచినట్టు. "పక్కలో పోటు పొడుస్తాంది, ఊపిరి తీస్తే ఎక్కువవుతాంది" అంటే ఆ రెండో ముక్క కూడా తప్పకుండా రాయండి. కానీ "తలపోటు" అన్నప్పుడు చాలామంది ఉద్దేశం మామూలు తలనొప్పే, అక్కడ స్టాబింగ్ అని రాస్తే తప్పవుతుంది. మళ్ళీ అడగాలి.

మంట: బర్నింగ్. అరికాళ్ళు, కడుపు పైభాగం, మూత్రం. మూత్రానికి పోయేటప్పుడు మంట ఉన్నవాళ్ళను "నొప్పి ఉందా?" అని అడిగితే "లేదు" అంటారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో మంట వేరు, నొప్పి వేరు. ఇంగ్లీషులో రెండూ పెయిన్ కిందికే వస్తాయి. ఈ తేడా తెలియక షీటులో "నో పెయిన్" అని రాసినవాళ్ళను చూశాను.

పీకడం: డల్ ఏకింగ్. రోజంతా కలుపు తీసి వచ్చిన కాళ్ళు పీకుతాయి. దీన్ని అక్షరాలా "పుల్లింగ్ అవుట్" అని మార్చకండి, ఎవరికీ అర్థం కాదు. పెయిన్‌కు చెల్లెలు లాంటి "ఏక్" అనే మాట అందుకే ఉంది: నిదానంగా, లోతుగా, విడవకుండా ఉండే నొప్పి. హెడేక్, టూతేక్, ఇయరేక్, బ్యాకేక్, స్టమకేక్ అని కొన్ని అవయవాలతోనే కలుస్తుంది. "లెగేక్" అనరు.

మెలిపెట్టడం: క్రాంపింగ్. కడుపులో వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చేది. పిక్క పట్టేయడం కూడా క్రాంపే.

గుంజడం, లాగడం దగ్గర నిదానించాలి. "నరం గుంజుతాంది" అన్నవాళ్ళను చేత్తో చూపించమనండి. నడుము నుంచి తొడ మీదుగా మడమ దాకా వేలు గీస్తే అది "షూటింగ్" లేదా "రేడియేటింగ్ డౌన్ ద లెగ్". ఒకేచోట చెయ్యి పెట్టి ఊరుకుంటే వేరే సంగతి. వంగినప్పుడో పక్కకు తిరిగినప్పుడో ఒక్కసారి "కలుక్కుమంది" అంటే "షార్ప్ పెయిన్ ఆన్ మూవ్‌మెంట్". ముట్టుకుంటేనో నొక్కితేనో తెలిసే నొప్పికి ఇంగ్లీషులో "టెండర్" అని ఒక్క మాటుంది, మనం వాక్యం మొత్తం చెప్పాలి. గొంతు నొప్పికి, ఒరుసుకుపోయి పచ్చిగా ఉన్న చర్మానికి "సోర్". తిమ్మిరిని అసలు పెయిన్ కింద రాయకండి. పైగా తిమ్మిరిలో రెండున్నాయి: స్పర్శ తెలియకపోతే నంబ్‌నెస్, చీమలు పాకినట్టుంటే టింగ్లింగ్. "గిల్లితే తెలుస్తాందా?" అని అడిగితే చాలావరకు తేలుతుంది.

అవయవాల పేర్లూ మోసం చేస్తాయి. మన "కడుపు" పక్కటెముకల కింది నుంచి పొత్తికడుపు దాకా అంతా. ఇంగ్లీషు స్టమక్ అందులో ఒక సంచి. కాబట్టి "అబ్డామినల్ పెయిన్" అని రాసి, ఎక్కడ చెయ్యి పెట్టారో ఆ చోటు రాయండి. నడుము కూడా అంతే: ఒకరికి వెన్ను కింది భాగం, ఇంకొకరికి పక్కలు.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఎప్పటికీ మరచిపోవద్దు. గుండె దగ్గర "నొప్పి లేదు" అంటే, ఏమీ లేదని అర్థం కాదు. మా వీధిలో అరవై దాటిన ఒక పెద్దాయన తెల్లవారుజామున చెమటలు పట్టి లేచాడు. కొడుకు ఫోన్‌లో తెలిసిన డాక్టరుకు చెప్పాడు. "చెస్ట్ పెయిన్ ఉందా?" అని ఆయన అడిగాడు. కొడుకు తండ్రిని "నాయనా, నొప్పుందా?" అని అడిగాడు. "నొప్పేం లేదురా, ఎద మీద ఎవరో కూర్చున్నట్టు బరువుగా ఉండాది, గ్యాస్ పట్టినట్టుండాది" అన్నాడు పెద్దాయన. కొడుకు ఫోన్‌లో చెప్పింది మొదటి ముక్క ఒక్కటే: "నొప్పి లేదంట సార్." సోడా తాగించి రెండు గంటలు చూశారు. తర్వాత ఆసుపత్రికి తీసుకుపోతే హార్ట్ ఎటాక్ అని తేలింది. ప్రాణం నిలిచింది కానీ గుండె బాగా దెబ్బతింది. ఆ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. డాక్టరు పెయిన్ అని అడిగినదాంట్లో బరువు, బిగింపు, నొక్కినట్టుండటం అన్నీ ఉన్నాయి. తండ్రికి వినిపించిన "నొప్పి"లో అవి లేవు.

ఇంగ్లీషులోనూ ఈ చిక్కు కొత్తది కాదు. విలియం హెబర్డెన్ అనే ఇంగ్లండు వైద్యుడు 1768లో గుండె వల్ల ఎదలో వచ్చే ఇట్లాంటి బాధను వివరించినప్పుడు పెట్టిన పేరు "యాంజైనా". దానికి మూలమైన లాటిన్ మాటకు గొంతు నులమడం, బిగించడం అని అర్థం. పొడిచే నొప్పికన్నా ఊపిరాడనీయని బిగింపే దాని లక్షణమని పేరులోనే ఉంది. అందుకని ఎద విషయంలో ఒక్క "నొప్పి" అడిగి ఊరుకోవద్దు. "బరువుగా ఉందా, బిగబట్టినట్టుందా, మంటగా ఉందా, చేతిలోకో దవడలోకో వీపులోకో లాగుతాందా, చెమట పట్టిందా" అని విడివిడిగా అడగండి. షీటులో "హెవీనెస్" లేదా "టైట్‌నెస్ ఇన్ చెస్ట్" అని రాసి, రాసినంతనే సిస్టరుకో డాక్టరుకో నోటితో చెప్పండి. ఆడవాళ్ళకు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు అసలు నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, వాంతి వచ్చినట్టుండటం మాత్రమే ఉండొచ్చు. ఇంటి దగ్గర ఎవరైనా ఇట్లా చెబితే సోడాలు, వాము నీళ్ళు పక్కనపెట్టి 108కు ఫోన్ చేయాలి.

వాక్యం సంగతి ఒకటి. "మై లెగ్ ఈజ్ పెయినింగ్" అని మనవాళ్ళందరం అంటాం. "కాలు నొస్తాంది" అన్న వాక్యాన్ని అట్లాగే దించడం వల్ల అది వచ్చింది. మన దేశంలో ఏ డాక్టరుకైనా అర్థమవుతుంది, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఓఈటీ రాసే ఉద్దేశం ఉంటే "మై లెగ్ హర్ట్స్" అనో "ఐ హావ్ ఎ పెయిన్ ఇన్ మై లెగ్" అనో అలవాటు చేసుకోండి. బ్రిటన్‌లో పెయిన్‌ను క్రియగా వాడితే అది ఎక్కువగా మనసు బాధకే పోతుంది.

నొప్పి ఎంత అని అడిగే సున్నా నుంచి పది లెక్క కూడా మన పెద్దవాళ్ళ దగ్గర తరచుగా నడవదు. "పదికి ఎంత అవ్వా?" అంటే ఖాళీగా చూస్తారు. వాళ్ళకు రూపాయి లెక్క వచ్చు. "నిన్నటికి ఇయ్యాలకు రూపాయిలో ఎంత తగ్గింది?" అని అడగండి. "పావలా వంతు తగ్గింది", "ముప్పావలా తగ్గింది" అని వెంటనే చెబుతారు. ఆ మాటను అట్లాగే రాసి, పక్కన శాతం వేయండి. తగ్గుదల తెలుసుకోవడానికి ఇది నాకు తెలిసిన పిల్లలకు బాగా పనికొచ్చింది. ఆసుపత్రి ఫారంలో మాత్రం అంకె అడిగితే అంకే వేయాలి, మీ సొంత లెక్క వేయకూడదు.

చివరగా షీటు. రోగి ఫిర్యాదును రోగి మాటల్లోనే రాయమని మీకు నేర్పే ఉంటారు. ఇంగ్లీషు మాట తట్టనప్పుడు, మీ ఆసుపత్రిలో ఒప్పుకుంటే, కొటేషన్లలో తెలుగు మాటే రాయండి: "పీకుతాంది", రెండు పిక్కలు, సాయంత్రం ఎక్కువ. అది చదివిన డాక్టరుకు తెలుగు వస్తే అర్థమవుతుంది, రాకపోతే పిలిచి అడుగుతారు. "పెయిన్" అని రాస్తే మాత్రం ఎవరూ పిలిచి అడగరు.

1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, ఇక్కడి బంగ్లాలో పండితులను పెట్టుకొని తెలుగు గ్రంథాలకు సాపు ప్రతులు రాయించాడు. ఆయన నిఘంటువులు 1850లలో అచ్చయ్యాయి. ఆ బంగ్లా ఉన్నచోట ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. సెలవుల్లో కడప వస్తే ఒక పూట అక్కడ కూర్చొని, నొప్పికి సంబంధించిన తెలుగు మాటలు నిఘంటువుల్లో వెతికి రాసుకోండి. దానికన్నా ముందు మీ అవ్వ దగ్గర కూర్చోండి. నా నోటుబుక్కులో ఇట్లాంటి మాటలు ఇప్పటికి అరవై దాకా ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు మాటలు మాత్రం తక్కువ. మీకు వార్డులో కొత్తవి వినబడితే, ఏ నొప్పికి అన్నారో కూడా కలిపి ఇక్కడే రాయండి, వాటికి సరైన ఇంగ్లీషు మాట ఏదో ఇద్దరం కలిసి చూద్దాం.